బాతుపిల్లల మచ్చిక

రెట్ట తడిగా ఉన్నప్పుడే ఎత్తెయ్యాలి. ఎండితే బండకు అంటుకుపోయి గోళ్లతో గీకినా రాదు. అందుకే దొర గడి వెనక తలుపు తీయగానే సుక్కమ్మ బాతుల కొట్టంలో దూరి, ఎడమచేత్తో కొంగు ముక్కుకు అడ్డం పట్టుకుని, కుడిచేత్తో కుండపెంకు పట్టి బండలు గీకుతోంది. కోడి రెట్ట ఇంత కంపు కొట్టదు. మేక పెంటికలు ఊడిస్తే పోతాయి. బాతులది మాత్రం నీళ్లనీళ్లగా, పచ్చగా, కుళ్లిన నాచు వాసనతో ఉంటుంది. ఉన్నవి ఏడు పిల్లలే. ఒక్కొక్కటి రెండు పిడికిళ్లంత. రాత్రి తాగడానికి పెట్టిన నీళ్లను ముక్కులతో చిందరవందర చేసి, ఆ బురదలోనే తిని, ఆ బురదలోనే పడుకుని, తెల్లవారేసరికి పొట్ట కింది నూగు జడలు కట్టుకుని నిలబడ్డాయి.

"థూ, మీ మొకాలు మండ," అంది సుక్కమ్మ మెల్లగా. "రాండ్రి బిడ్డా, రాండ్రి. తినుడు, ఏరుగుడు, ఇంకో పని లేదు మీకు. రాండ్రి నా తల్లులు."

ఆ మాటలు జోల పాడినట్టు అంది. గొంతు పెంచలేదు. పిల్లలు మెడలు చాచి, ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె మోకాళ్ల దగ్గర చేరాయి. వాటికి మాట తెలియదు, గొంతే తెలుసు. ఈ సంగతి సుక్కమ్మ మొదటి మూడు రోజుల్లోనే కనిపెట్టింది. కనిపెట్టినప్పటి నుంచి, నలభై ఎనిమిదేళ్లుగా నోట్లో మిగిలిపోయిన తిట్లన్నీ ఆ మెత్తని గొంతుతోనే తిడుతోంది. మెట్ల మీద నుంచి వినే దొరసానికి అది ముద్దులాడుతున్నట్టే వినబడేది.

"ఎంత పాయిరమే సుక్కీ నీకు గీ పిట్టలంటె," అని ఒకసారి అంది కూడా.

"అవు దొరసాని," అంది సుక్కమ్మ.

సుక్కమ్మకు పుట్టుకతోనే రోత ఎక్కువ. చిన్నప్పుడు ఇంకొకరు తాగిన ముంతతో నీళ్లు తాగేది కాదు. ఈగ వాలిన అన్నం ముట్టేది కాదు. "రాణి కడుపున పుట్టవలసింది, దారి తప్పి నా కాడికి వచ్చింది," అని తల్లి నవ్వేది. అట్లాంటి మనిషి చేతికి జీవితంలో వచ్చిన పనులన్నీ ఇతరులు ముట్టని పనులే. చచ్చిన ఎద్దును ఊరవతలికి ఈడ్చడం, గడి మోరీలు తీయడం, బాలింతల బట్టలు చెరువుకు మోయడం. ఊరవతల ఆమె ఉండే వాడలో ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి గడికి వెట్టికి పోవాలి. ఆమె ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే కాబట్టి ప్రతి రోజూ ఆమె వంతే. రోత వేసినప్పుడు ముఖం ముడిస్తే దెబ్బలు పడతాయి. అందుకని ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా, బొమ్మలా కదలకుండా ఉండడం నేర్చుకుంది. చూసేవాళ్లకు అది ఓర్పులా కనిపించేది. ఇంటికి పోయాక బూడిదతో చేతులు రుద్దుకునేది. ఒకసారి కాదు, ఏడుసార్లు. గోళ్ల పక్కన చర్మం పగిలి ఎర్రగా ఉండేది.

బాతుపిల్లలు సుక్కమ్మ చేతికి వచ్చి పన్నెండు రోజులయింది. అవి దొర చేతి కోసం వచ్చాయి.

ఆ ఏటి శివరాత్రికి దొరకు పక్షవాతం కొట్టింది. కుడి చేయి, కుడి కాలు, మాట పోయాయి. పట్నం నుంచి వచ్చిన హకీము నాడి చూసి, వెచ్చగా మెత్తగా ఉండే ప్రాణిని దేన్నైనా రోజూ ఆ చేత్తో నిమరాలి, నిమిరితే వేళ్లకు జీవం రావచ్చు అన్నాడు. పిల్లి అరిష్టం అంది దొరసాని. కుక్క మైల అంది. కుందేలు దొరకలేదు. చివరికి దొర కొడుకు చినదొర పట్నంలో పన్నెండు బాతుపిల్లలు కొని, గంపలో పెట్టి, బస్సు మీద కట్టించి మొయినాబాదుకు పంపాడు. అక్కడి నుంచి ఎడ్లబండి మీద ఈ ఊరికి, చిన్న మంగళారానికి వచ్చాయి. రెండు గంపలోనే చచ్చాయి. మూడింటిని గద్ద తన్నుకుపోయింది. గడిలో పనిచేసే అంజిలయ్య పట్టుకోబోతే ఒకటి గోడకు కొట్టుకుని కాలు విరుచుకుంది. మిగిలినవి మనిషి నీడ పడితే చాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి మూలకు ఒత్తుకుని, నోళ్లు తెరిచి రొప్పేవి. దొర కుర్చీని చూస్తే ఇంకా పారిపోయేవి. దొర ఏడ్చాడు. ముద్దలా వంకరపోయిన ఆ నోటి నుంచి ఏదో కూత, దాంతోపాటు చొంగ.

"నువ్వు చెయ్యవే సుక్కీ," అంది దొరసాని. "మచ్చిక చెయ్యి. దొర చేతిల ఇవి కూసున్ననాడు నీ వెట్టి తీరింది. చెల్లె కాడికి చేవెళ్ల పోతనంటివి గద, పో. మీ ఇంటికి మళ్ల మనిషిని పంపను. అంజిగాడు సాక్షి."

సుక్కమ్మకు ఎవరూ నేర్పలేదు. భయం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు దాన్ని ఎట్లా తీయాలో కొంత తెలుస్తుంది. మొదటి రోజు కొట్టానికి అవతల, వాటికి వీపు పెట్టి కూర్చుంది. రెండో రోజు పక్కకు తిరిగి కూర్చుంది. వాటి కళ్లలోకి చూడలేదు. ప్రతి రోజూ అదే చీర కట్టుకుని వచ్చింది. లేచే ముందు గొంతు వినిపించి, తర్వాత మెల్లగా లేచింది. నాలుగో రోజు నానిన నూకలు పోసిన అరచేయిని నేల మీద వెల్లకిలా పెట్టింది. చేయి ఎప్పుడూ కింది నుంచే పోవాలి. పై నుంచి వచ్చేది గద్ద. పిల్లకు అది చేయి అని తెలియదు, పైన ఏదో వస్తోందని మాత్రమే తెలుస్తుంది. సాయంత్రం దాకా ఆ చేయి కదల్చలేదు. చీమలు ఎక్కి కుట్టినా కదల్చలేదు. ఐదో రోజు కుంటిది వచ్చి ఒక్క నూక తీసుకుంది. దాని ముక్కు చల్లగా, జిగురుగా అరచేతికి తగిలింది. సుక్కమ్మ వీపంతా జలదరించింది. చేయి మాత్రం అట్లాగే ఉంది. ఎనిమిదో రోజుకు ఏడూ ఆమె ఒళ్లోకి ఎక్కి, రెక్కల మొలకలు ఆమె పొట్టకు ఆనించుకుని నిద్రపోయాయి. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంది. పిల్లలకు ఆ నిశ్చలం నచ్చింది.

బండలు కడిగి, చెత్త పారబోసి, సుక్కమ్మ నత్తల ముంత ముందు పెట్టుకుంది. రాతి మీద ఒక్కో గుల్ల పగలగొట్టి, లోపలి జిగురు మాంసం వేలితో లాగి, కత్తిపీట మీద ముక్కలు చేయాలి. ముక్కలు అయ్యాక కూడా అవి కొంతసేపు ముడుచుకుంటూనే ఉంటాయి. అప్పుడే అంజిలయ్య వచ్చి నీళ్ల తొట్టి అంచున కూర్చున్నాడు. బెస్తవాడు, ఆమె కంటే పదేళ్లు చిన్న. గడిలో దొరను ఎత్తి దించే పని అతనిది.

"ఏం వండుతున్నవు సుక్కక్క."

"నీకే తమ్మీ, కూసో. కారం ఎక్కువ వేస్త."

"వద్దే, ఇప్పుడే అంబలి తాగిన. కడుపుల తిప్పకు." తల పక్కకు తిప్పుకున్నాడు. "మాపటికి హకీము సాబు వస్తడట. చినదొర జాబు రాసిండు. వేళ్లు కదిలినయా లేదా సూస్తడట. కదలకుంటె ఇగ పిట్టలెందుకు, వంటింట్ల మసాలా నూరుకుంటరు."

"నూరనీ. పీడ వోతది."

"పిట్టల పీడ వోతది. నీదో?" అంజిలయ్య గొంతు తగ్గించాడు. "దొర పక్కబట్టలు ఉతికే బీరమ్మకు చెయ్యి పుండువడ్డది. రేపటి సంది సుక్కీ ఉతుకుతది అని దొరసాని అంటుంటె విన్న. రోజుకు నాలుగు మాట్ల తడుపుతడే అక్క. ఒకటికి కాదు, రెంటికీ. దొర పానం ఉన్నన్నాళ్లు ఇగ నువ్వు కదలవు."

సుక్కమ్మ చేతిలోని నత్త జారి ముంతలో పడింది. తీసి మళ్లీ రాతి మీద పెట్టింది.

"ఇయ్యాల్నే కూసోవెడ్త," అంది.

చేవెళ్లలో ఆమె చెల్లెలు ఉంది. పుట్టగానే బతకదేమోనని పెంటకుప్ప మీద పడేసి తెచ్చి పెంటమ్మ అని పేరు పెట్టారు. స్వామిదాసును చేసుకుని, చర్చి గుడిలో నీళ్లు చల్లించుకున్నాక కరుణమ్మ అయింది. నిరుడు ఒకసారి వచ్చి, "అక్కా, మా ఇల్లు సున్నం వేసినం. నీళ్ల బాయి వాకిట్లనే ఉన్నది. ఎవ్వరూ వద్దనరు, ఎంత సేపన్న కడుక్కో," అంది. ఆ ఆఖరి మాట సుక్కమ్మ మనసులో ఉండిపోయింది. ఎంత సేపన్న కడుక్కో.

నత్తముక్కలు తిని పిల్లలు తొట్టిలో మునిగి, తడిసిన నూగుతో వచ్చి ఆమె ఒళ్లో ఎక్కాయి. ఆ వాసన ముక్కుకు తగిలింది. తడి ఈకల వాసన. ఎన్నిసార్లు తగిలినా ఆ వాసన ఆమెను ఒకే చోటికి తీసుకుపోయేది.

దొర అప్పట్లో వేటకాడు. చలికాలంలో చెరువులో పిట్టలు దిగితే పొద్దున్నే తుపాకీ పట్టుకుని వచ్చేవాడు. దెబ్బ తిన్న పిట్టలను నీళ్లలో దిగి తేవడం వాడ వాళ్ల వెట్టి. ఒక ఏడు ఆమె భర్త చిన్నయ్యకు చలిజ్వరం. ఇంటికొక మనిషి రావాలి కాబట్టి ఆమె దిగింది. తామరతూడులు కాళ్లకు చుట్టుకుంటుంటే ఈది, ఆరు పిట్టలను మెడలు కలిపి నడుముకు కట్టుకుని వచ్చింది. రెండు ఇంకా చావలేదు. ఒడ్డుకు చేరేలోపు ఒకటి ఆమె చేతిలో ప్రాణం విడిచింది. పిట్ట ప్రాణం పోయేటప్పుడు ఒకసారి బరువెక్కి, ఆ తర్వాత తేలికవుతుంది.

తడిబట్టలతో వణుకుతున్న ఆమెతో, తుపాకుల గదిలో నిప్పుల కుంపటి ఉంది, పోయి కాచుకో అన్నాడు దొర. దయగానే అన్నాడు. ఆమె కుంపటి ముందు కూర్చుంది. వెనక గొళ్లెం పడిన చప్పుడు వినబడింది. తర్వాత పై నుంచి, మెడ మీద, ఒక చేయి పడింది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. ఆ గదిలో పక్కనే పిట్టలు కుప్పగా పడి ఉన్నాయి. వాడ వాళ్ల నీడ తగిలితే స్నానం చేసే దొర ఆ రోజు స్నానం చేయలేదు. పిట్టల కూర తిని పడుకున్నాడని వంటామె చెప్పింది. ఆ పిట్టల ఈకలు పీకింది కూడా సుక్కమ్మే. చిన్నయ్యకు ఆమె ఏమీ చెప్పలేదు. అతను రెండేళ్లకు గత్తర రోగం వచ్చి పోయాడు. బూడిదతో చేతులు రుద్దుకోవడం ఆ చలికాలంలోనే మొదలయింది.

పొద్దు నడినెత్తి దాటాక అంజిలయ్య, ఇంకో మనిషి కలిసి దొరను కుర్చీతో సహా పెరట్లోకి మోసుకొచ్చారు. ఒకప్పుడు తలుపు పట్టనంత మనిషి. ఇప్పుడు చర్మం సంచిలా వేలాడుతోంది. గడ్డం కింద గుడ్డ కట్టారు, చొంగ కోసం. ఆ గుడ్డ అప్పుడే తడిసి పచ్చబడింది. ఒక కన్ను మూతపడి ఉంది. ఎడమ కన్ను మాత్రం అటూ ఇటూ తిరుగుతోంది. ఎంత పన్నీరు చల్లినా ఉచ్చ వాసన పోలేదు. దొరసాని మెట్ల మీద పీట వేయించుకుని, కొంగుతో ముక్కు మూసుకుని కూర్చుంది.

అంజిలయ్య దొర కుడి చేయి పట్టి కుర్చీ మీద నుంచి కిందికి వేలాడదీశాడు. పిల్లలు ఆ చేయిని చూశాయి. ఏడూ ఒక్కసారిగా తొట్టి వెనక దూరాయి.

"ఏమే, పన్నెండు రోజులు ఏం చేసినవు?" అంది దొరసాని.

"మీది కెళ్లి వచ్చే చెయ్యిని చూస్తె గద్ద అనుకుంటయి దొరసాని. దొర కింద కూసోవాలె."

"దొర కింద కూసుంటడానే?"

"నేల మీద గాదు దొరసాని, జంపఖానా పరుస్తం," అన్నాడు అంజిలయ్య.

దొరసాని సుక్కమ్మ వైపు వేలు చూపింది. "మరి ఇది ఏడ కూసుంటది?"

"దొర పక్కన. నా చెయ్యి ఉంటేనే అవి వస్తయి," అంది సుక్కమ్మ.

"దొరతోని సరిసమానంగనా?"

వాడ మనిషి దొర కూర్చున్న ఎత్తున కూర్చోవడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. దొర నేల మీద కూర్చుంటే ఆమె ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు. చివరికి అంజిలయ్యకే తోచింది.

"గుంత తీస్తె సరి దొరసాని. జానెడు గుంత. సుక్కక్క అండ్ల కూసుంటది, దొర మీదికుంటడు."

"జానెడు గాదు. మోకాలు మట్టం తియ్యి."

తొట్టి పక్కన నేల మెత్తగా ఉందని అక్కడే పార వేశాడు. తవ్వేకొద్దీ, పన్నెండు రోజులుగా తొట్టి నుంచి ఇంకిన నీళ్లు నల్లగా ఊరాయి. రెట్ట, కుళ్లిన తవుడు, నత్తగుల్లలు కలిసిన బురద. అంజిలయ్య ముక్కు పట్టుకుని గట్టు మీదికి ఎగిరాడు.

"ఆగినవేంది తమ్మీ," అంది సుక్కమ్మ. "ఇంకింత తవ్వు. మన్ను కప్పుకుంటె పని అయిపోతది."

"ఊకో అక్క, కడుపు కాలుతది గట్లంటె."

ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని దిగింది. బురద పిక్కల దాకా వచ్చింది. కూర్చుంటే నడుము దాకా వచ్చింది. చల్లగా, జారుగా, బట్ట లోపలికి పాకింది. కడుపులోంచి పైకి వచ్చినదాన్ని పళ్ల బిగువున మింగింది. ముఖం మీద ఏమీ లేదు. దొరను గట్టు పక్కన జంపఖానా మీద, వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టారు. ఇప్పుడు అతని కుడి చేయి ఆమె భుజం ఎత్తులో నేల మీద పడి ఉంది. ఉబ్బిన వేళ్లు, పసుపుపచ్చని గోళ్లు, మణికట్టు మీద నీలం మచ్చలు.

"దొర చెయ్యి నా అరచేతిల పెట్టాలె దొరసాని," అంది సుక్కమ్మ. "అవి నా చేతికి అలవాటు. దొర చేతిల కూసున్నంక నా చెయ్యి మెల్లగ తీస్త."

"ముట్టుకుంటవా దొరను?" దొరసాని లేచి నిలబడింది. "హకీము వచ్చే యాళ్లకు మళ్ల నీళ్లు పోయాల్నా ఈ మనిషికి?"

తనకే నీళ్లు కావాలని సుక్కమ్మ ఆమెకు ఎట్లా చెబుతుంది. దొరసాని లోపలికి పోయి ఒక కొత్త తువ్వాల తెచ్చి, మెట్ల మీద నుంచే విసిరింది. తెల్లని నేత తువ్వాల, ఎర్ర అంచుది.

"ఇది నడుమ వెయ్యి," అంది.

సుక్కమ్మ అరచేయిని గట్టు మీద వెల్లకిలా పెట్టింది. అంజిలయ్య దాని మీద తువ్వాల పరిచి, దొర చేయి ఎత్తి తువ్వాల మీద పెట్టాడు, ఉబ్బిన వేళ్ల మధ్య నానిన నూకలు పోశాడు. ఆ బరువు దిగగానే ఆమె ఊపిరి ఆగింది. చేయి తడిగా, మెత్తగా ఉంది. తువ్వాల గుండా ఆ తడి తెలుస్తోంది. ఇరవై ఎనిమిదేళ్లు బూడిదతో రుద్దిన చేయి, ఇప్పుడు ఆ చేయి కిందే ఉంది. లాక్కుందామనిపించింది. లాక్కోలేదు.

"రాండ్రి బిడ్డా," అంది జోలగొంతుతో, మెట్ల దాకా మాటలు అందనంత మెల్లగా. "రాండ్రి, భయం లేదు."

తొట్టి వెనక నుంచి ఒక ముక్కు బయటికి వచ్చింది. గొంతు ఆపితే మళ్లీ లోపలికి పోతుంది. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. సుక్కమ్మ మాట్లాడింది.

"రాండ్రి నా తల్లులు. దొరా, నన్ను గుర్తువట్టినవా. చెరువుల దిగినదాన్ని. చిన్నయ్య పెండ్లాన్ని. ఆరు పిట్టలు దెచ్చిన గద, చలికాలం. గొళ్లెం వెట్టింది గీ చెయ్యే గద. ఎంత బరువుండె దొరా ఆనాడు. ఇప్పుడు సూడు, నత్త లెక్కయింది. రాండ్రి బిడ్డా, రాండ్రి. కోపం గాదు దొరా నాకు, రోత. నీ చెయ్యి కింద నా చెయ్యి వెట్టుకున్ననని రోత. గీ ఎడ్డి పిట్టలను నీ కాడికి రమ్మంటున్న సూడు, నేనంటె నాకే రోత. వచ్చె, వచ్చె, నా బంగారం వచ్చె."

కుంటిది వచ్చింది. తువ్వాల అంచు మీద కాలు పెట్టి, దొర బొటనవేలి పక్కనున్న నూక తీసుకుంది. దాని వెనక మిగతావి వచ్చాయి. దొర ఎడమ కన్ను తిరగడం ఆగి ఆమె మీద నిలిచింది. ఆ కన్ను ఆమెను గుర్తుపట్టింది. ఉబ్బిన వేళ్లలో ఏదో కదిలింది. ముందు చూపుడువేలు, తర్వాత మధ్యవేలు. ఆ చేయి ఆమె చేతి మీద నుంచి లేవాలని చూస్తోంది. లేవలేకపోతోంది.

"కదిలినయి," అంది దొరసాని మెట్ల మీద నుంచి. "అంజిగా, సూస్తివా, వేళ్లు కదిలినయి. ఏం మాట్లాడుతున్నదో గాని, దాని నోట్ల అమృతం ఉన్నదిరా."

సుక్కమ్మ అదే గొంతుతో ఇంకా మాట్లాడింది. బీరమ్మ పుండు గురించి చెప్పింది. పీకిన ఈకల గురించి చెప్పింది. పిల్లలు నూకలు అయిపోయాక ఒక్కొక్కటిగా దొర అరచేతిలో, మణికట్టు మీద, ముంజేయి పక్కన ముడుచుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాయి. ఒకటి తువ్వాల మధ్యలో రెట్ట వేసింది. వేళ్లు ఇంకా కాసేపు లాగాయి. తర్వాత ఆ చేయి ఒకసారి బరువెక్కింది. తర్వాత తేలికయింది.

సుక్కమ్మ మాట ఆపింది.

చేతిలో ప్రాణం పోవడం ఆమెకు తెలియని సంగతి కాదు. తల ఎత్తలేదు. పిల్లలు లేవకుండా, తువ్వాల కింద నుంచి తన చేయిని అంగుళం అంగుళం లాక్కుంది. అది బయటికి వచ్చాక దాన్ని ఒంటికి తగలనీయకుండా దూరంగా పట్టుకుంది.

"దొరకు నిద్ర వట్టినట్టున్నది," అంది దొరసాని మెల్లగా.

"పిల్లలు కూసున్నయి దొరసాని," అంది సుక్కమ్మ. "నా చెయ్యి తీసిన. ఇగ పోనా?"

"పో. మాటంటె మాటే. మీ ఇంటికి మనిషి రాడు. అంజిగా, ఇన్నవు గద."

అంజిలయ్య విసనకర్రతో దొర మీద ఈగలు తోలుతున్నాడు. వంగి, చొంగగుడ్డ సర్దబోయి ఆగాడు. ఆ గుడ్డ కిందున్న ఛాతీ వైపు చూశాడు. తర్వాత గుంతలో ఉన్న సుక్కమ్మ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఇన్న దొరసాని," అన్నాడు. మళ్లీ విసరడం మొదలుపెట్టి, పెదవులు కదలకుండా అన్నాడు. "పొద్దు ఉండంగనే పో అక్క. చేవెళ్ల దూరం."

ఆమె గుంతలోంచి ఎక్కింది. నడుము నుంచి పాదాల దాకా నల్లని బురద కారుతోంది. వెనక తలుపు వైపు పది అడుగులు వేసిందో లేదో, వెనక చిన్నచిన్న కాళ్ల చప్పుడు వినబడింది. ఏడూ లేచి, వరసగా, ఆమె వెనకే వస్తున్నాయి. అన్నిటికంటే వెనక కుంటిది, పడుతూ లేస్తూ.

సుక్కమ్మ ఆగి వాటి వైపు తిరిగింది. నిటారుగా నిలబడింది. చేయి తల మీదికి ఎత్తి, పై నుంచి వాటి మీదికి విసురుగా దించి, ఆ పన్నెండు రోజుల్లో ఎప్పుడూ వాడని గొంతుతో, "పోండ్రి," అని అరిచింది.

పిల్లలు చెదిరిపోయాయి. ఒకదాని మీద ఒకటి పడి, తొట్టి వెనక మూలకు ఒత్తుకుని, నోళ్లు తెరిచి రొప్పాయి.

"గిదేందే, చేసిందంత చెడగొడ్తివి?" అంది దొరసాని.

"మనిషంటె జర భయం ఉండాలె దొరసాని," అంది సుక్కమ్మ. "లేకుంటె బతకయి."

వాగు దగ్గర ఇసుకతో చేతులు రుద్దుకుంది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. చీర ఒంటి మీదే పిండుకుని, చేవెళ్ల బాట ఎక్కింది. చింతచెట్ల నీడలు బాటకు అడ్డంగా సాగాయి. గడి వైపు నుంచి ఏడుపు వినబడే సరికి ఆమె మలుపు దాటింది. వెనక్కి తిరగలేదు, అడుగు పెంచలేదు. ఒకచోట ఆగి, దారి పక్కకు వంగి, పొద్దుటి నుంచి మింగుకున్నదంతా కక్కేసి, నోరు తుడుచుకుని నడిచింది.

హకీము టాంగా పొద్దుగూకే ముందు వచ్చింది. ఆ సరికే దొరను లోపలికి చేర్చి నీళ్లు పోశారు. జంపఖానా దులిపి మడత పెట్టారు. కుర్చీ, దిండు లోపలికి పోయాయి. గుంత పూడ్చమంటే అంజిలయ్య మన్ను లాగి పూడ్చాడు. తువ్వాల దగ్గరకు వచ్చేసరికి పార ఆపి నిలబడ్డాడు. చాకలామె వచ్చి చూసి, వాడ మనిషి ముట్టింది నేను ముట్టను అంది. వాడ నుంచి వచ్చిన మనిషి, పోయినోళ్ల ఒంటి మీది బట్ట, దొరది, నేనెట్ల ముడతనయ్యా అన్నాడు. దొరసానిని అడగడానికి అది సమయం కాదు.

తెల్లని తువ్వాల గట్టు మీద అట్లాగే ఉంది, ఎర్ర అంచు ఒక పక్కకు మడతపడి, నడుమ ఎండి అంటుకుపోయిన రెట్టతో.